మ గుణింతం

ఇది మహాకావ్యం. ముందే చెప్తున్నాను, నడుం వాల్చి చదివే వ్యవహారం కాదు. ఇందులో ధీరుడైన నాయకుడున్నాడు. సముద్రాలు దాటి వచ్చిన మునీశ్వరుడున్నాడు. భూమి కోసం పోరాటం ఉంది, ఆ భూమి మీద కన్నేసిన దుర్మార్గుడున్నాడు, కొడుకు నోటి మాట కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన తల్లి ఉంది. కత్తివేట్లకైతే లెక్కే లేదు.

అంత లేదు లెండి. నాయకుడు మా క్లాసువాడు. మునీశ్వరుడు తిరువూరు చర్చి ఫాదర్‌గారు. ఇటలీలో ఓడెక్కి వచ్చారు. భూమి ఒక మామిడితోట, అదీ మాది కాదు. దుర్మార్గుణ్ణి నేను. కత్తివేట్లు పడింది ఫిల్ము మీద, కత్తెరతో. అన్నీ కలిపితే డెబ్బైల మధ్యలో, కాలేజీ చదివే రోజుల్లో, మేం నలుగురం తీసిన చిన్న మూకీ సినిమా. జనం తువ్వాలు దులిపి సర్దుకు కూర్చునేలోపు అయిపోతుంది. తల్లి మాత్రం నిజంగానే ఉంది. అయితే ఆవిడ ఎదురుచూడలేదు. అసలు గొడవంతా అక్కడే.

మా ఊరివాళ్లకి సినిమా ఎక్కడ తయారవుతుందో తెలీదు. మద్రాసులో పుడుతుంది, బెజవాడలో పెరుగుతుంది, తిరువూరు వచ్చేసరికి ముసలిదై ఒళ్లంతా గీతలు పడి ఉంటుంది. హీరోయిన్ ఏ ఋతువులో పాడినా వెనక వాన పడుతుండేది. అది వాన కాదు, గీతలని మాకు చాలాకాలం తెలీదు. అలాంటి ఊళ్లో ఫాదర్‌గారి దగ్గర అరచేతిలో పట్టే కెమెరా ఉండేది. గోడ గడియారానికి ఇచ్చినట్టు దానికి కీ ఇవ్వాలి. కీ ఉన్నంతసేపు తిరిగి ఆగిపోతుంది. చర్చి పండగలు తీయగా మిగిలిన రీళ్లకి గడువు దాటిపోతోందని, వృథా చేయడమెందుకు, కాలేజీ పిల్లలు ఏదైనా తీసుకుంటారేమో కనుక్కోమని మా క్లాసువాడితో అన్నారు. మా వాడు ఆదివారాలు చర్చిలో గంట కొట్టేవాడు. గంట కొట్టడానికి మాట్లాడక్కర్లేదు.

వాడికి నత్తి. మామూలు అక్షరాలకి కాస్త తడబడి బయటపడతాడు గానీ, పెదాలు కలవాల్సిన అక్షరం వస్తే మాత్రం లోపలినుంచి గడియ పెట్టిన తలుపే. ప, బ, మ ఈ మూడూ వాడికి శత్రువులు. క్లాసులో హాజరు పిలిస్తే ‘ప్రెజెంట్ సార్’ అనాలి కదా. వాడి నంబరు పిలవగానే వాడు ‘ప్ర’ దగ్గర పెదాలు బిగించి నిలబడేవాడు, లెక్చరరుగారు తరవాతి నంబరుకి వెళ్లిపోయేవాడు. అందుకని వాడి వెనక బెంచీలోంచి నేను అనేవాణ్ణి. వాడి చదువంతా నా గొంతుతోనే సాగింది. ఒకరోజు నాకు జలుబు చేస్తే, “ఏమయ్యా, నీ గొంతు మారిందేంటి?” అని లెక్చరరుగారు వాణ్ణే అడిగాడు.

సినిమా వాడి ద్వారా వచ్చింది, మూకీ కాబట్టి నత్తితో పని లేదు. అందుకని హీరో వాడే. రైసుమిల్లు వాళ్లబ్బాయికి సొంత సైకిలు, నల్ల కళ్లద్దాలు ఉన్నాయి కాబట్టి డైరెక్టరు అయ్యాడు. అద్దాలు తీస్తే మామూలు మనిషే, అందుకే తీసేవాడు కాదు. హీరోయిన్ లేదు. కెమెరా ముందుకు ఆడపిల్లని పంపే ఇల్లు మా ఊళ్లో ఇంకా కట్టలేదు. అయితే మిషను స్కూలు మాస్టారిగారమ్మాయి మా క్లాసులోనే ఉండేది. నటించడానికి కాదు, ఫాదర్‌గారింట్లో కూర్చుని ఫిల్ము అతికించే పనైతే సరేనన్నారు వాళ్ల నాన్నగారు. ఇక నేను విలను ప్లస్ మాటల రచయిత.

“మూకీ సినిమాకి మాటల రచయిత ఏంట్రా?” అన్నాడు డైరెక్టరు.

“పోస్టరు మీద పేరుంటుందని.”

“పోస్టరు లేదు.”

“అయితే మరీ మంచిది. ఎవడూ తిట్టడు.”

కథ చిన్నదే. ఒక పెద్దమనిషి గొడుగేసుకుని తోట కొనడానికి వస్తాడు. కుర్రాడు ఇవ్వనంటాడు. అంతే. సినిమా మొత్తానికి ఒక్క మాట. నేను ‘ఈ తోట ఇవ్వను’ అని రాశాను. కావాలనే రాశాను, అందులో పెదాలు కలిసే అక్షరం ఒక్కటీ లేదు. హీరో కాగితం తీసుకుని చూసి, కొట్టేసి, కింద తను రాసిచ్చాడు: ‘మా మామిడితోట మేము అమ్మం.’

చదివి అదిరిపోయాను. “ఒరే, మ గుణింతం అప్పజెప్పమన్నానా? ఒక్క ‘మ’కే నీకు దేవుడు కనపడతాడు, ఇన్నా?”

“వి... వినపడదు కదా.”

“వినపడనప్పుడు ఏదైతే ఏంటి? నోరు ఆడించు చాలు.”

వాడు సైకిలు చక్రం వైపు తిరిగాడు. “మ... మా అమ్మకి కనపడుద్ది” అన్నాడు.

వాళ్లమ్మ సంగతి మా అందరికీ తెలుసు. మిరపతోటల్లో కూలికెళ్లే మనిషి. కొడుకు పడే అవస్థ చూడలేక, వాడు మొదలుపెట్టిన మాటని ఆవిడ పూర్తిచేసేది. వాడు “నీ...” అనగానే నీళ్లు చేతిలో ఉండేవి. “కా...” అంటే కాలేజీకి టైమైందనా, కాఫీపొడి అయిపోయిందనా, కాలు నొప్పి అనా అన్నది కూడా వాడి పెదాలు చూసి పోల్చుకునేది. ఎప్పుడూ తప్పేది కాదు. అదే వాడి బాధ. తప్పితే కనీసం “కాదమ్మా” అని సరిదిద్దొచ్చు.

“మ... మా అమ్మ ఇంతవరకు నా మా... మాట చివరిదాకా వినలేదు” అన్నాడు. “తె... తెర మీదైతే అందుకోలేదు కదా. ఒక్కసారి నేను మొత్తం అనేదాకా ఆగుద్ది.”

నేనేదో జోకు వేద్దామనుకున్నాను. దొరకలేదు. కాగితం జేబులో పెట్టుకున్నాను.

రెడ్డిగూడెం దారిలో ఒక తోట వాళ్లని బతిమాలి షూటింగు పెట్టాం. నాకు మీసం అంటించారు. ఎండకి జిగురు కరిగి అది నా పెదవి మీంచి నెమ్మదిగా ప్రయాణం కట్టింది. ఒక షాట్‌లో మూతి మీద, ఇంకో షాట్‌లో గడ్డం మీద, మూడోదాంట్లో అసలు లేదు. ఆ సంగతి కెమెరా పట్టుకున్న ఫాదర్‌గారు చూడలేదు, కళ్లద్దాలవల్ల డైరెక్టరుకి కనపడలేదు, నేనెటూ చూసుకోలేను.

ఆ తరవాత హీరో మాట. కెమెరా ముఖానికి దగ్గరగా పెట్టారు. వాడు “మా” అన్నాడు. మళ్లీ “మా”. పెదాలు బిగుసుకున్నాయి. మెడనరాలు లేచాయి. కీ తిరుగుతోంది, ఫిల్ము పోతోంది.

“కట్టు!” అని అరిచాడు డైరెక్టరు.

మనం బస్‌ని బస్సు అన్నట్టే, టికెట్‌ని టికెట్టు అన్నట్టే, వాడు కట్‌ని కట్టు అంటాడు. ఫాదర్‌గారేమో తెలుగుని ఇటలీలోనే పాత పుస్తకాలు చూసి నేర్చుకుని దిగారు. ఆయన కన్ను కెమెరాలోంచి తీయకుండానే, “ఏమి కట్టవలెను నాయనా?” అన్నారు.

“కట్టు ఫాదర్, కట్టు!”

“గేదెనా? గొడుగునా?”

ఈలోపు మా వాడు, మా అరుపులు పట్టించుకోకుండా, ఒక్కొక్క అక్షరాన్నీ బావిలోంచి చేద లాగినట్టు లాగుతూ, ఆ మాట చివరిదాకా అనేశాడు. అనడం అయింది, కీ కూడా అయింది. కెమెరా టక్కున ఆగింది. రీల్లో సగం వాడి ‘మ’కే పోయింది. మిగిలిన ఫిల్ములో డైరెక్టరు తన ప్రాణప్రదమైన షాట్ తీయించుకున్నాడు. కాయలతో వంగిన పెద్ద మామిడికొమ్మ, ముందు కదలకుండా ఉంటుంది, తరవాత గాలొచ్చి ఊగుతుంది. సినిమా దాంతోనే మొదలవుతుందని, జనం చప్పట్లు కొడతారని వాడి నమ్మకం.

రీళ్లు కడగడానికి పోస్టులో బొంబాయి వెళ్లాయి. ఎప్పటికో తిరిగొచ్చాయి. ఫాదర్‌గారి వరండా పక్కగదిలో నలుగురం గుమిగూడి ఒక చివర పట్టుకుని కిటికీ వైపు ఎత్తి చూశాం. పెసరగింజంత బొమ్మలు, ఒకదాని కింద ఒకటి. అన్నింట్లోనూ ఒకే మామిడికొమ్మ. ఒకదానికీ ఇంకోదానికీ తేడా లేదు.

“ఇదేంటి, ఒకే బొమ్మని ఇన్నిసార్లు కడిగారు?” అన్నాను. “బొంబాయివాళ్లు మోసం చేశారురోయ్.”

ఫాదర్‌గారు నవ్వి, బల్ల మీద ఒక చిన్న యంత్రం పెట్టారు. దాని పేరేదో చెప్పారు, మేం మాత్రం చూసేడబ్బా అనేవాళ్లం. లోపల చిన్న బల్బు, ముందు అగ్గిపెట్టంత గాజుతెర, పక్కన పిడి. ఫిల్ము దూర్చి పిడి తిప్పమన్నారు. నేను తిప్పాను.

కొమ్మ ఊగింది.

ఇంతకీ నేనెందుకూ ఆశ్చర్యపోయే మనిషిని కాదు. మా ఊరికి హెలికాప్టరొచ్చినప్పుడు కూడా దుమ్ము లేపుతోందని విసుక్కున్నాను. కానీ పిడి తిప్పితే ఆకు కదులుతోంది, ఆపితే ఆగిపోతోంది, వెనక్కి తిప్పితే గాలి వచ్చినదారినే తిరిగి వెళ్లిపోతోంది. ఆ గాలి ఎప్పుడో వేసవిలో మా మొహాలకి తగిలిన గాలి. అది ఎటెళ్లిందో ఎవడికి తెలుసు? ఇక్కడుంది. పెసరగింజల్లో. నా చేతిలో ఉన్న పిడి నన్ను నమ్మి ఎవరిచ్చారా అని భయమేసింది. మాస్టారిగారమ్మాయి నా భుజం మీంచి ఇంకా ముందుకు వంగింది. డైరెక్టరు కళ్లద్దాలు తీసేశాడు. వాడికి కళ్లున్నాయని ఆరోజే నాకు తెలిసింది.

“ఇంకోసారి తిప్పండి” అంది మాస్టారిగారమ్మాయి.

“చెయ్యి నొప్పి” అన్నాను. తిప్పుతూనే ఉన్నాను.

మర్నాటినుంచి కాలేజీ వదలగానే అక్కడే. గదికి అడ్డంగా దండెం కట్టి, బట్టల క్లిప్పులతో ముక్కలు వేలాడదీశాం. కింద ఉతికిన దుప్పటి పరిచాం, పొరపాటున పడినా దుమ్మంటకుండా. డైరెక్టరు మిల్లులోంచి నేరుగా వచ్చేవాడు. మొదటిరోజు వాడు వంగి చూసిన ముక్కని చూసేడబ్బాలో పెడితే, తోటలో మంచుతుఫాను.

“నాయనా, నీ చొక్కా నుండి తవుడు వర్షించుచున్నది” అన్నారు ఫాదర్‌గారు. అప్పట్నుంచి వాడు ఫాదర్‌గారి తెల్ల అంగీ ఒకటి తొడుక్కుని పనిచేసేవాడు. నల్లకళ్లద్దాలూ, తెల్ల అంగీ. ఒకరోజు చర్చికొచ్చిన ముసలావిడ వాడికి దణ్ణం పెట్టి వెళ్లింది.

పని ఇలా ఉండేది. డైరెక్టరు చూసేడబ్బాలో చూసి “కట్టు” అంటాడు. కత్తెరా వాడి చేతిలోనే. హీరో ముక్క తీసుకెళ్లి దండెం మీద తగిలిస్తాడు. అతకాల్సిన ముక్కలు మాస్టారిగారమ్మాయికిస్తే, ఆ అమ్మాయి అతుకుల మిషనులో రెండు కొసలూ బిగించి, ఒక కొస మీద రంగుపొర గీకి, చుక్క జిగురు రాసి నొక్కి పట్టుకుంటుంది. ఆ జిగురువాసనకి తల తిరిగేది. గీకిన మేర ఒక బొమ్మ పోతుంది. రెండో కాపీ లేదు. ఉన్నదల్లా ఆ ఒక్క ఫిల్మే. అందుకని కత్తెర పడేటప్పుడు అందరం నోళ్లు మూసుకునేవాళ్లం, నాతో సహా. అలా నేను నోరు మూసుకున్న సందర్భాలు మా ఇంట్లో చెప్తే నమ్మలేదు.

మొదట పోయింది నేనే. మీసం ఎక్కడుందో ఖరారు కాక నా షాట్లన్నీ దండేనికే అంకితమయ్యాయి. చివరికి సినిమాలో నావి మిగిలింది గొడుగు, రెండు చెప్పులు.

“మీ చెప్పులు మాత్రం బాగా నటించాయండీ” అంది మాస్టారిగారమ్మాయి.

“కొత్తవి కదండీ. ఉత్సాహం మీదున్నాయి.”

తరవాత వచ్చింది హీరో షాట్. డైరెక్టరు చూసి, పెదవి విరిచి, “ఇది తీసేద్దాం. అట్టముక్క మీద ఆ మాట రాసి, దాన్ని ఒక ముక్క తీసి పెడదాం” అన్నాడు. హీరో దండెం దగ్గర నిలబడి ఉన్నాడు. వాదించాలంటే వాడికి చాలాసేపు పడుతుంది. “ఉం... ఉంచు” అన్నాడు అంతే. నేను వాళ్లమ్మ సంగతి చెప్పాను. ఈసారీ జోకు రాలేదు.

“నత్తి ఉన్న బొమ్మలన్నీ కత్తిరించేస్తే?” అంది మాస్టారిగారమ్మాయి. “పెదాలు మూసుకుని ఉన్నవి తీసేసి, తెరిచినవి కలుపుదాం.”

భూతద్దం పట్టుకుని కూర్చున్నాం. పెసరగింజలో పెదాలు. ఇదుగో మూసుకున్నాయి, ఇదుగో ఇంకా మూసే ఉన్నాయి, ఇది విడబోయింది, ఊహూ, మళ్లీ మూసుకుంది. వాడి కష్టాన్ని అన్నాళ్లూ మేం విన్నాం గానీ చూళ్లేదు. ఒక్క ‘మ’ కోసం వాడు జానెడు ఫిల్ము మేర పోరాడాడు. బొమ్మ బొమ్మకీ కళ్లలో ఏదో కదులుతోంది. ఎక్కడా వదిలేద్దామన్న చూపు లేదు. డైరెక్టరు భూతద్దం కింద పెట్టి, హీరో వైపు చూసి, “నువ్వు రోజూ ఇంత పని చేస్తావుట్రా?” అన్నాడు.

“రో... రోజూ కాదు. ఆదివారం గం... గంట కొడతా” అన్నాడు వాడు. జోకులు వెయ్యడం నా డిపార్టుమెంటని వాడికి ఎన్నిసార్లు చెప్పినా వినడు.

ఒకచోట కొంత కత్తిరించి అతికి చూశాం. లాభం లేదు. వాడి తల టకటకా ఎగురుతోంది. “కోడి నూకలేరుతున్నట్టుంది” అన్నాను. హీరో ఒక్కడే నవ్వాడు. తీసిన బొమ్మల్ని తిరిగి అతికాక ముక్క మళ్లీ దండెం మీదకెళ్లింది, పక్కన డైరెక్టరుగారి మామిడికొమ్మ.

అప్పుడొచ్చారు ఫాదర్‌గారు. మామిడికొమ్మ ముక్కని వెలుతురుకెత్తి, సరిగ్గా గాలి మొదలైనచోట వేలుపెట్టి, “ఇచ్చట కట్టుము నాయనా” అని, చరచరా లోపలికి వెళ్లిపోయారు.

వాడి ప్రాణం ఆ షాట్.

“ఇక్కడ కట్టా? నడిమధ్యలోనా?” అన్నాడు మావైపు తిరిగి.

“ఫాదర్‌గారు కూడా మన భాషలోకి వచ్చేశారురా” అన్నాను. “కట్టంటే కట్టే. మొన్న షూటింగులో నువ్వేగా నేర్పావు.”

“వారికి తెలిసినంత మనకి తెలీదు కదండీ” అంది ఆ అమ్మాయి, కాస్త అనుమానంగానే.

డైరెక్టరు కళ్లు మూసుకున్నాడు, ఏసుప్రభువుకో వెంకటేశ్వరస్వామికో మొక్కుకున్నాడు, కత్తెర వేశాడు. టిక్.

అదే సమయానికి లోపల్నుంచి ఫాదర్‌గారు వచ్చారు. చేతిలో ఎర్రదారపు ఉండ.

ఆయన మా కత్తెర చూశారు, మేం ఆయన దారం చూశాం.

“గుర్తు కొరకు... ఆ అంచు రంధ్రములో దారము కట్టుమంటిని” అన్నారాయన మెల్లగా.

“కట్టే కొట్టాం ఫాదర్” అన్నాను.

“కొట్టుమనలేదు నాయనా! కట్టుమంటిని!”

డైరెక్టరు నేలమీద కూలబడ్డాడు. ఫాదర్‌గారు మా ఇంగ్లీషునీ, మేం ఆయన తెలుగునీ గౌరవించినందుకు దక్కిన ఫలితం అది. కొమ్మ రెండైపోయింది. ఒకదాంట్లో గాలి లేని కొమ్మ, ఒకదాంట్లో గాలి ఉన్న కొమ్మ. అతికితే మధ్యలో బొమ్మ పోయి గంతు పడుతుంది. ఫాదర్‌గారు తల పట్టుకున్నారు.

మాస్టారిగారమ్మాయి ఆ రెండు ముక్కల్నీ చేతుల్లో పట్టుకుని దండెం కింద నిలబడి ఉంది. కాసేపటికి హీరో ముక్క దించింది. వాడు “మా” అని పెదాలు బిగించిన తొలిచోటు ఒకటి, ‘మేము’ తరవాత మళ్లీ బిగించినచోటు ఒకటి భూతద్దంలో చూసుకుంది. “డైరెక్టరుగారూ, ఇక్కడ కట్టండి. ఇక్కడ కూడా. కత్తెరతోనే” అంది. మొదటి సందులో గాలి లేని కొమ్మ, రెండో సందులో గాలొచ్చిన కొమ్మ పెట్టి అతికింది. జిగురు ఆరేదాకా ఎవరం కదల్లేదు. చూసేడబ్బాలో పెట్టి నా వైపు చూసింది. పిడి తిప్పాను.

హీరో ముఖం. ‘మా’ అన్నాడు, పెదాలు మూసుకున్నాడు. కొమ్మ, నిశ్చలంగా, కాయల బరువుతో. మళ్లీ ముఖం. ‘మామిడితోట మేము’. పెదాలు మూతపడ్డాయి. కొమ్మ. గాలి వచ్చింది, ఆకులన్నీ తిరగబడ్డాయి, కాయలు ఊగాయి. ముఖం. ‘అమ్మం.’

ఎక్కడుంది నత్తి? ఒక్క బొమ్మ కూడా అబద్ధం చెప్పలేదు. ఆ పెదాలు మూసుకోవడం అలాగే ఉంది. కానీ ఇప్పుడు వాడు మాట రాక ఆగినట్టు లేదు, తోటని చూసి గుండె నిండి ఆగినట్టుంది. కొమ్మకి మాట రాక వాడి నోటితో అంటున్నట్టుంది. ఈ రెంటినీ వేరువేరుగా మేం ఎన్నోసార్లు చూశాం, ఏమీ లేవు. పక్కపక్కన పెడితే, రెంటిలోనూ లేనిదేదో ఎక్కడినుంచో వచ్చి కూర్చుంది. అది ఫిల్ము మీద లేదు. భూతద్దం పెట్టి వెతికినా ఆ అతుకులో ఎండిన జిగురే ఉంది.

“ఇదేమి?” అన్నారు ఫాదర్‌గారు. ఆయనకి కూడా పాత పుస్తకాల్లో మాట దొరకలేదు.

హీరో చూసేడబ్బా మీదకి వంగి, గాజుతెరకి ముక్కు ఆనించి, “ఇంకోసారి” అన్నాడు. తడబడలేదు. నేను గమనించనట్టు నటించాను.

కాలేజీ వార్షికోత్సవం మధ్యాహ్నంపూట పెట్టారు. హాలు కిటికీలకి డైరెక్టరు మిల్లునుంచి గోనెసంచులు తెచ్చి కట్టాం. ఒక కిటికీకి మేకులేక, హీరో సంచి పట్టుకుని నిలబడ్డాడు. సొంత సినిమా ఆడుతుంటే కర్టెను పట్టుకున్న హీరో ఆంధ్రదేశంలో వాడొక్కడే అయ్యుంటాడు. వాళ్లమ్మని తీసుకురావడానికి ఉదయం నేనూ వెళ్లాను. వాడు, “అ... అమ్మా, ఇ... ఇవాళ...” అన్నాడో లేదో, “కాలేజీలో సినిమా వేస్తారు, నన్ను రమ్మంటావు, ముందు వరసలో కూర్చోమంటావు, అంతేగా? కొత్తచీర కట్టుకునే ఉన్నాగా” అంది ఆవిడ. వాడు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

ముందువరస చాపమీద మాస్టారిగారమ్మాయి పక్కన కూర్చుంది ఆవిడ. ప్రొజెక్టరు దగ్గర ఫాదర్‌గారు, పక్కన నేను. దీపం వెలగగానే గోనెసంచుల్లోని తవుడంతా ఆ వెలుతురుదారిలో బంగారంలా లేచి తేలింది. హాలంతా ఒక్కసారి ‘ఆ’ అంది. సినిమా ఇంకా మొదలవలేదు.

నా చెప్పులొచ్చాయి, గొడుగొచ్చింది. మా బెంచీవాళ్లు చెప్పుల్ని గుర్తుపట్టి ఈల వేశారు. తరవాత దుప్పటంత మేర హీరో ముఖం. ఈల ఆగింది. వాడు ‘మా’ అని పెదాలు మూసుకున్నాడు.

“మామిడితోట” అంది వాళ్లమ్మ, పైకే. అలవాటు. తెర మీద అప్పుడే మామిడికొమ్మ వచ్చింది.

వెనకనుంచి నవ్వులు. కిటికీ దగ్గర హీరో చేతిలోంచి సంచి కాస్త జారి, తెరమీద ఒక ఎండచార పడింది. అయిపోయిందనుకున్నాను. తెరమీద కూడా ఆవిడే గెలిచింది.

మళ్లీ ముఖం. ‘మామిడితోట మేము.’ ఆవిడ వాడి పెదాలనే చూస్తోంది, గాలంవేసినవాడు బెండు చూసినట్టు. నోరు తెరిచింది. వాడి పెదాలు మూసుకున్నాయి.

కొమ్మ వచ్చింది.

ఆవిడకి చూడటానికి పెదాలు లేవు. మేము అమ్ముతామంటాడా, అమ్మమంటాడా, ఎటంటాడో ఆ కొమ్మలో ఏముంది? తెరిచిన నోరు అలాగే ఉంది. ప్రొజెక్టరు చప్పుడు తప్ప ఏమీ లేదు. కొమ్మకి గాలి వచ్చింది, ఆకులు తిరగబడ్డాయి. ఆవిడ చెయ్యి ఎత్తి తన నోటిమీద పెట్టుకుంది. ఫాదర్‌గారి పెదాలు ఏదో గొణుగుతున్నాయి, ఈసారి తెలుగు కాదు.

ముఖం. ‘అమ్మం.’

“అమ్మం” అంది ఆవిడ. వాడి తరవాత.

తెర తెల్లబడింది. చప్పట్లెప్పుడు మొదలయ్యాయో తెలీదు. ప్రిన్సిపాలుగారు, “ఆ ఆడగొంతు ఏర్పాటు బ్రహ్మాండంగా ఉందయ్యా, ఎవరిదీ ఐడియా?” అని డైరెక్టరుని అడిగితే వాడు నల్లకళ్లద్దాలు పెట్టుకుని “నాదే సార్” అన్నాడు.

బయటికొచ్చాక రోడ్డు పక్కన నిలబడ్డాం. వాళ్లమ్మ కొడుకుని పైనుంచి కిందకి, వేరే ఊరినుంచి దిగినవాణ్ణి చూసినట్టు చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇప్పుడేదో గొప్పమాట వస్తుందని నేను కాస్త వెనక్కి జరిగాను.

“ఏరా, మనకి తోటెక్కడిదిరా?” అంది.

“అ... అది...” అన్నాడు వాడు.

నేను అలవాటుగా అందుకోబోయాను. ఆవిడ నావైపు చూడకుండానే చెయ్యి అడ్డంపెట్టింది. వాడు పెదాలు బిగించాడు. బెజవాడ బస్సు దుమ్ములేపుకుంటూ వెళ్లింది. దుమ్ము అణిగింది. ఆవిడ నిలబడే ఉంది.

“అది మ... మ... మనది కాదు. రెడ్డిగూడెం వాళ్లది” అన్నాడు వాడు, చివరిదాకా.

“అట్లాగా” అంది ఆవిడ. “కాయ బాగా కాసింది.”

వాడి నత్తి ఇప్పటికీ ఉంది. ఆ రీలు కూడా వాడి దగ్గరే, ఒక రేకుడబ్బాలో ఉంది. మొన్న వెళ్తే తీసి చూపించాడు. వేడికి కొమ్మ దగ్గరి అతుకులు రెండూ ఊడాయి. మళ్లీ గీకి అంటిద్దామని ఫాదర్‌గారిచ్చిన జిగురు సీసా తెరిచాం. కుదర్లేదు. ఆ జిగురుకి మూత ఎప్పటికప్పుడు గట్టిగా బిగించాలి. లేకపోతే గడ్డకట్టుకుపోతుంది.